తాతల చెట్లు, మన పేర్లు



ఆస్తి ఎంత అని అడిగితే మనం ఎకరాల్లో చెప్తాం. మన తాతలు అలా చెప్పరు. ఇన్ని జీలుగులు, రెండు పనసలు, వాగు పక్క చింత అంటారు. పోడు చోటు మారేది, చెట్టు మారదు కదా. కొడుకులకు పంచింది కూడా చెట్లే.

1879 రంప పితూరీ అనగానే అడవి, పోడు అనుకుంటాం. అసలు మంట జీలుగు కల్లు దగ్గర పుట్టింది. రంప మన్సబుదారు చిగురు పన్ను వేశాడు, సర్కారు ఆబ్కారీ చట్టంతో కల్లుని కంట్రాక్టర్ల చేతిలో పెట్టింది. తాత గీసిన చెట్టుకి మనవడు ఎవడికో డబ్బు కట్టాలా? ముఠాదారులు, జనం కలిసి లేచారు. మూడేళ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి హద్దులు గీశారు. ఏ చెట్టు ఏ ఇంటిదో మాత్రం ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

ఇప్పుడు పాడేరు, చింతపల్లి, అరకు వైపు చూడండి. సిల్వర్ ఓక్ నీడ, దానికి మిరియం తీగ, కింద కాఫీ. పేరుకి తోట గానీ అది ఇంటింటికీ ఒక చిన్న అడవే. మొదట్లో నాటినవాళ్లు ముసలివాళ్లయిపోయారు. నీడ ఎక్కువైతే కాపు తగ్గుతుంది, ఏటా ఓక్ ఎక్కి కొమ్మలు కొట్టాలి. తాత ఎక్కలేడు, మామయ్య వైజాగ్‌లో కూలికి, మనం హాస్టల్లో. అప్పుడే ఎవరో వచ్చి "కౌలుకి ఇవ్వు తాతా" అంటారు. 1/70 ఉంది, గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. కానీ నోటిమాట ఒప్పందాన్ని ఎవరు చూస్తారు?

అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా పట్టా. అమ్మడానికి లేదు, వారసులకు వస్తుంది. పెళ్లయినవాళ్లకి భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. చాలామంది ఈ మాట చదవరు! 1956 హిందూ వారసత్వ చట్టం కేంద్రం నోటిఫై చేస్తే తప్ప ఎస్టీలకు వర్తించదు, కాబట్టి ఆడపిల్ల వాటా ఆచారం మీదే నడిచింది. ఆచారం ఎక్కువగా కొడుకుల వైపే ఉంది. చెల్లెళ్లూ, దీని మీద మీరే ముందు మాట్లాడాలి.

సెలవులకి ఊరెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలో పట్టా తీసి అమ్మ పేరు ఉందేమో చూద్దాం. తాతతో కలిసి హద్దులు నడిచి, చెట్టు చెట్టుకీ ఎవరిదో రాసుకుందాం. మీ ఊళ్లో జీలుగులు ఎలా పంచుతారో కూడా రాయండి. కొండరెడ్డి, కోయ, బగత ఊళ్లల్లో ఒకేలా ఉండదని విన్నాం.