గాయాలు మాయని మహిమ

క్రీ.శ. 325లో నైసియా పట్టణంలో కూడిన బిషప్పులు తమ విశ్వాస ప్రమాణంలో క్రీస్తు రాకడ గురించి చాలా క్లుప్తంగా రాశారు. బతికున్నవారికీ చనిపోయినవారికీ తీర్పు తీర్చడానికి ఆయన వస్తాడు, అంతే. 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభ పేరుతో మనకు అందిన ప్రమాణంలో అదే చోట రెండు చేర్పులు కనిపిస్తాయి. ఆయన మహిమతో వస్తాడు. ఆయన రాజ్యానికి అంతం ఉండదు. ఇవాళ కతోలిక గుళ్లలోనూ సీఎస్‌ఐ చర్చిల్లోనూ నైసియా ప్రమాణం పేరుతో చదివేది ఈ రెండో పాఠాన్నే.

ఆ మాటలు ఊరికే చేరలేదు. అంకైరా బిషప్పు మార్సెల్లస్, కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోని పదిహేనో అధ్యాయం పట్టుకుని ఒక వాదం లేవదీశాడు. అంతమందు కుమారుడు రాజ్యాన్ని తండ్రికి అప్పగిస్తాడని అక్కడుంది కదా, అంటే క్రీస్తు రాజరికానికి గడువుందన్నమాటే అని ఆయన వాదం. తూర్పు సంఘాలు ఒప్పుకోలేదు. లూకా సువార్తలో దేవదూత మరియతో చెప్పిన మాటను తెచ్చి ప్రమాణంలో నిలిపాయి. రాబోయేవాడి అధికారం ఎంతకాలం అన్న ప్రశ్న అక్కడితో తీరింది. ఆ అధికారం ఎలాంటిది, ఆ మహిమ ఏ రంగులో ఉంటుంది అన్నది మాత్రం తీరలేదు. రెండువేల ఏళ్ల క్రైస్తవ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న ఇదే.

దీని మొదలు దానియేలు గ్రంథం ఏడో అధ్యాయంలో ఉంది. సిరియా రాజు నాలుగో అంటియోకస్ క్రీ.పూ. 167లో యెరూషలేము దేవాలయాన్ని అపవిత్రం చేసి, యూదుల ఆచారాలను నిషేధించిన రోజుల్లో ఈ దర్శనం ఇప్పుడున్న రూపు దాల్చిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. సముద్రంలోంచి నాలుగు మృగాలు పైకొస్తాయి. అవి నాలుగు రాజ్యాలు. వాటి తర్వాత ఆకాశమేఘాల మీద మనిషిని పోలిన ఒకడు మహావృద్ధుడి సన్నిధికి వస్తాడు. ప్రభుత్వం, మహిమ, ఆధిపత్యం ఆయనకు ఇవ్వబడతాయి. ఆయన లాక్కోడు, యుద్ధం చేసి గెలుచుకోడు. లోకాన్ని ఏలిన సామ్రాజ్యాలన్నీ కోరలూ గోళ్లూ ఉన్న జంతువులైతే, దేవుడు నిలబెట్టే పాలనకు మనిషి ముఖం ఉంటుందని ఆ హింసల కాలపు యూదుడు నమ్మాడు. తర్వాత వచ్చినదంతా ఈ నమ్మకం మీద కట్టినదే.

ఆ దర్శనాన్ని యేసు తన మీదికి తెచ్చుకున్న చోటు చూడండి. ప్రధాన యాజకుడి ముందు బందీగా నిలబడి ఉన్నాడు. శిష్యులు పారిపోయారు. అప్పుడు చెబుతాడు, మనుష్యకుమారుడు దేవుని కుడిపక్కన కూర్చుని ఉండడం, మేఘాల మీద రావడం మీరు చూస్తారని. దానియేలు దర్శనాన్నీ 110వ కీర్తననూ ఒకే మాటలో కలిపాడు. తీర్పు పొందుతున్నవాడు తానే తీర్పరినన్నాడు. మత్తయి సువార్త ఇరవై ఐదో అధ్యాయంలో ఆ తీర్పు ఎలా జరుగుతుందో కూడా ఉంది. మహిమగల సింహాసనం మీద కూర్చున్న రాజు అక్కడ అడిగేది అన్నం గురించి, నీళ్ల గురించి, బట్ట గురించి, చెరసాలలో ఉన్నవాణ్ని చూడబోయారా లేదా అని. ఆకలిగొన్నవాడు తానేనంటాడు. అంత్యకాల ప్రవచనాల మీద బోధించేవారు మేఘాలకూ బూరలకూ ఇచ్చినంత చోటు ఈ ప్రశ్నలకు ఇవ్వకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పౌలు దాదాపు క్రీ.శ. 50లో థెస్సలొనీకయులకు రాసిన పత్రికలో రాకడకు వాడిన గ్రీకు మాట పరూసియా. రాజో చక్రవర్తో పట్టణానికి విచ్చేయడాన్ని ఆనాటివాళ్లు అలాగే అనేవారు. రాజు వస్తున్నాడంటే పురజనులు పొలిమేర దాటి ఎదురు వెళ్లేవారు. అందుకూ గ్రీకులో వేరే మాట ఉంది, పౌలు దాన్నీ వాడాడు. తెలుగు బైబిలులో అక్కడ ‘ఎదుర్కొనుటకు’ అని ఉంది. పెళ్లిళ్లలో ఎదుర్కోలు చూసిన మనకు ఇది వెంటనే అర్థమయ్యే దృశ్యం. మగపెళ్లివారికి ఎదురెళ్లినవాళ్లు వాళ్లను విడిదికి తోడ్కొని వస్తారే గాని వాళ్లతో ఎటో వెళ్లిపోరు. రోమా చక్రవర్తికి దక్కే మర్యాదను, రోమా ప్రభుత్వం సిలువ వేసిన ఒక యూదుడికి ఇవ్వడమంటే ఆ రోజుల్లో చిన్న తెగువ కాదు.

ఆ తెగువ ప్రకటన గ్రంథంలో పరాకాష్ఠకు చేరింది. యోహాను పత్మాసు ద్వీపంలో ఉన్నాడు. దర్శనాలను ఆసియా మైనరులోని ఏడు సంఘాలకు రాశాడు. వాటిలో మొదటిదైన ఎఫెసులో డొమీషియన్ కాలంలోనే చక్రవర్తి కుటుంబానికి ఒక పెద్ద గుడి వెలిసింది. యోహాను దర్శనాలు డొమీషియన్ పాలన చివరి రోజులవని రెండో శతాబ్దపు ఐరేనియస్ రాశాడు. ఐదో అధ్యాయంలో ముద్రలు వేసిన గ్రంథాన్ని విప్పగలవాడు ఎవరూ లేరని యోహాను ఏడుస్తుంటే, యూదా గోత్రపు సింహం జయించిందని ఒక పెద్ద చెబుతాడు. యోహాను చూస్తే అక్కడ సింహం లేదు. వధించబడినట్టున్న గొర్రెపిల్ల నిలబడి ఉంది. చెవిన పడింది సింహం, కంట పడింది గొర్రెపిల్ల. పరలోకమంతా అధికారమూ మహిమా నీవేనని పాడేది ఆ కోసిన గొంతు ముందే. పందొమ్మిదో అధ్యాయంలో తెల్ల గుర్రం మీద రాజులకు రాజు వస్తాడు. యుద్ధం మొదలుకాక ముందే ఆయన వస్త్రం రక్తంలో ముంచి ఉంది. ఆయన కత్తి చేతిలో లేదు, నోటినుంచి వస్తోంది. ఆ రక్తం శత్రువులదని కొందరు, ఆయనదేనని కొందరు వాదిస్తారు. గొర్రెపిల్లను మరచిపోకుండా చదివితే నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

తొలి రెండు మూడు శతాబ్దాల్లో చాలామంది ప్రకటన గ్రంథం చెప్పే క్రీస్తు వెయ్యేండ్ల పాలనను ఈ భూమి మీదే ఎదురుచూశారు. పాపియాస్, జస్టిన్, ఐరేనియస్ అందరూ ఆ నమ్మకంవాళ్లే. అలెగ్జాండ్రియాలో ఓరిజెన్, ఆయన తర్వాత డయొనీషియస్ దాన్ని ఆత్మీయార్థం వైపు తిప్పారు.

అసలు మలుపు కాన్‌స్టాంటైన్‌తో వచ్చింది. నైసియా సభ ఏడాదిలోనే చక్రవర్తి తన పాలన ఇరవయ్యో వార్షికోత్సవానికి బిషప్పులకు విందు చేశాడు. కత్తులు దూసి నిలబడ్డ అంగరక్షకుల మధ్యగా బిషప్పులు భయం లేకుండా లోపలికి నడిచారు. దీన్ని వర్ణిస్తూ చరిత్రకారుడు యూసేబియస్, ఇది క్రీస్తు రాజ్యపు ఛాయ అనిపించిందన్నాడు. మార్సెల్లస్‌ను ఖండిస్తూ గ్రంథాలు రాసింది కూడా ఈ యూసేబియసే. ఆయన్ను తప్పుపట్టడం తేలిక. హింసల కాలంలో తన గురువు పాంఫిలస్ హతసాక్షి కావడం చూసినవాడు, అదే రాజ్యం కొలువులో అన్నం తింటుంటే పరవశించకుండా ఎలా ఉంటాడు? కానీ ఆ పూట నుంచి మహిమ రంగు మారింది. రోములో సాంటా పుడెన్సియానా చర్చిలో దాదాపు 400 నాటి మొజాయిక్ ఉంది. అందులో క్రీస్తు బంగారు వస్త్రాలతో, రత్నాల సింహాసనం మీద, రోమా పెద్దల్లాంటి అపొస్తలుల మధ్య కూర్చుని ఉంటాడు.

410లో అలారిక్ సేనలు రోమును దోచుకున్నాయి. క్రీస్తు రాజ్యాన్ని సామ్రాజ్యంతో ముడివేసినవారి కాళ్ల కింద నేల కదిలింది. ఆ దెబ్బ తర్వాతే అగస్టీన్ ‘దైవనగరం’ మొదలుపెట్టాడు. వెయ్యేండ్లంటే రాబోయే కాలం కాదు, క్రీస్తు మొదటి రాకకూ చివరి రాకకూ మధ్య సంఘం నడుస్తున్న కాలమేనని ఇరవయ్యో సంపుటంలో తేల్చాడు. ఏ రాజ్యమూ ఆ నగరం కాదు. పడమటి సంఘం వెయ్యేళ్లు ఈ చదువునే చదువుకుంది.

చదువురానివారు మాత్రం రాళ్ల మీద చదువుకున్నారు. పన్నెండో శతాబ్దపు ఫ్రాన్సులో, ఓటన్ వంటి చర్చిల సింహద్వారాల మీద, తీర్పరి క్రీస్తు కొండంత రూపంతో కూర్చుంటే ఆయన పక్కన దూతలు ఆత్మలను తూస్తుంటారు. భయపెట్టే శిల్పమది. పదమూడో శతాబ్దం మొదట్లో చెక్కిన షార్‌ట్ర్ చర్చి దక్షిణ ద్వారం దగ్గరకొచ్చేసరికి అదే తీర్పరి రెండు చేతులూ ఎత్తి తన గాయాలు చూపిస్తున్నాడు. చుట్టూ దూతలు సిలువను, మేకులను, ఈటెను పట్టుకుని ఉంటారు. అవే ఆయన రాజచిహ్నాలు. యోహాను చూసిన గొర్రెపిల్లను ఆ పేరు తెలియని శిల్పులు మళ్లీ గుర్తుపట్టారు. మైకెలాంజెలో 1541లో సిస్టీన్ చాపెల్‌లో ముగించిన తీర్పు చిత్రం ఇంతకంటే ప్రసిద్ధమే, కానీ నా మనసు షార్‌ట్ర్ దగ్గరే ఆగుతుంది.

సంస్కరణ కాలం ఈ విషయంలో తడబడింది. ప్రకటన గ్రంథంలో క్రీస్తు కనిపించడం లేదని 1522లో లూథర్ రాసి, 1530లో ఆ ముందుమాటను మార్చి రాశాడు. 1534లో మున్‌స్టర్‌లో కొందరు అనబాప్టిస్టులు ఇదే కొత్త యెరూషలేమన్నారు. లైడెన్ యాన్ తానే రాజునని కిరీటం పెట్టుకున్నాడు. ఏడాది తిరిగేసరికి పట్టణం కూలింది. నాయకుల శవాలు పెట్టిన ఇనుప బోనులు సెయింట్ లాంబర్ట్ చర్చి గోపురానికి ఇప్పటికీ వేలాడుతున్నాయి. 1661 జనవరిలో లండన్ వీధుల్లో థామస్ వెన్నర్ మనుషులు యేసే రాజంటూ కత్తులు పట్టారు. వాళ్లూ దానియేలు పుస్తకాన్నే చదివారు. అధికారం ఇవ్వబడుతుంది అన్న మాట దగ్గర ఆగి ఉంటే ఆ రక్తం చిందేది కాదు.

పందొమ్మిదో శతాబ్దం లెక్కల కాలం. విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ఎదురుచూసి నిరాశపడ్డారు. బ్రిటన్‌లో బ్రదరెన్ ఉద్యమ నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ, సంఘం ముందుగా ఎత్తబడుతుందని, ఆ పైన మహాశ్రమల కాలమని, తర్వాత క్రీస్తు ప్రత్యక్షమై ఏలతాడని వరుస కట్టాడు. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ బైబిలు ఆ వరుసను లోకమంతా తిప్పింది. మన ప్రసంగ వేదికల మీద పటాలు గీసి చెప్పే క్రమం చాలావరకు ఇదే. గోదావరి డెల్టాకు 1836లో వచ్చిన బౌడెన్, బీర్ మిషనరీలు కూడా ఆ బ్రదరెన్ ఉద్యమంలోంచి వచ్చినవారే. డార్బీ చదువులో ఆకాంక్ష ఉంది, మెలకువ ఉంది. అయితే ఎదుర్కోలు అందులో వెళ్లిపోవడంగా మారింది.

నైసియా సభకు పదహారు వందల ఏళ్లు నిండిన 1925లో పోపు పదకొండో పయస్ క్రీస్తురాజు పండుగను నెలకొల్పాడు. ఇటలీలో ముసోలినీ రాజ్యం సాగుతోంది. నేలమీది ఏ ప్రభుత్వానిదీ చివరి మాట కాదని చెప్పడం ఆ పండుగ ఉద్దేశాల్లో ఒకటి. 1934లో జర్మనీలో బార్మెన్ ప్రకటన హిట్లర్ కాలపు సంఘానికి అదే సంగతి ఇంకా తెగేసి చెప్పింది. మొదట అక్టోబరు చివరి ఆదివారం జరిగిన క్రీస్తురాజు పండుగను 1969లో ఆరాధన సంవత్సరపు ఆఖరి ఆదివారానికి మార్చారు. రాజరికం మళ్లీ రాకడ పక్కకు చేరింది.

పయస్ ఆ పండుగను ప్రకటించడానికి ఏడాది ముందు, 1924 డిసెంబరు 25న, మెదక్ చర్చి ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో పని చేసినవారికి తిండి దొరకాలని చార్లెస్ పోస్నెట్ కట్టించిన ఆలయమది. 1927లో బలిపీఠం వెనక అమర్చిన రంగుటద్దాల కిటికీలో యేసు ఆరోహణ దృశ్యం ఉంది. అపొస్తలుల కార్యాల మొదటి అధ్యాయం ప్రకారం, ఆయన మేఘంలోకి వెళ్లిపోయాక పైకే చూస్తున్న శిష్యులతో తెల్ల బట్టలవాళ్లు ఇద్దరు, వెళ్లినవాడు అలాగే తిరిగి వస్తాడని చెప్పారు. ఎండ పడితే ఆ అద్దాల రంగులు, ఆకలితో వచ్చినవాళ్లు మోసిన రాళ్ల మీద పరుచుకుంటాయి.