మ్యూజియం వెనక వీధిలో పాపికొండలు

లండన్ చూడబోయిన తెలుగువారిలో చాలామంది బ్రిటిష్ మ్యూజియంలోని అమరావతి శిల్పాల గదిని వెతుక్కుంటూ వెళతారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన ఆ పలకలను 1859లో ఇంగ్లండుకు పంపారు. 1880లో అవి ఈ మ్యూజియానికి చేరాయి. వాటిని చూసి కొందరు గర్వపడతారు, కొందరికి కోపం వస్తుంది. రెండూ సహజమే.

చరిత్ర విద్యార్థులుగా మీరు అక్కడితో ఆగకండి. మ్యూజియం వెనక, కాలినడకన కొద్ది నిమిషాల దూరంలో స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ ఉంది. మన ఖమ్మం, భద్రాచలం అడవి అంచున బతికిన కొండరెడ్ల ఫొటోలు దాని గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. యాత్రా సంస్థలు ఆ భవనం దగ్గర బస్సు ఆపవు.

అవి అక్కడికి ఎలా చేరాయి? క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమండార్ఫ్ ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఆయన భారతదేశంలో ఉన్నారు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వారి లెక్కలో శత్రుదేశీయుడు. హైదరాబాద్ రాజ్యం దాటకుండా పరిశోధన చేసుకోనిచ్చారు. ఆ నిర్బంధమే ఆయన్ను ముందు చెంచుల దగ్గరికి, తర్వాత పాపికొండల్లోని కొండరెడ్ల దగ్గరికి నడిపించింది. భార్య బెట్టీ కూడా ఆ పనిలో పాలుపంచుకున్నారు. 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ వెలువడింది.

దీన్ని పోడు, పెళ్లిళ్లు, కొలుపుల వర్ణనగా మాత్రమే చదివితే సగం వదిలేసినట్టే. వెదురు కూపుల్లో వ్యాపారులు కొండరెడ్లను అప్పుల్లో పెట్టి పనిచేయించుకున్న తీరు ఇందులో ఉంది. నా దృష్టిలో పుస్తకంలో విలువైన భాగం అదే. అయితే మాట్లాడేది హైమండార్ఫ్. కొండరెడ్లు ఆయన వాక్యాల్లోంచే వినిపిస్తారు. పైగా ఆయన తర్వాత నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యారు. రాసిన వ్యక్తి పాలనకు ఎంత దగ్గరివాడన్నది ఆధారాన్ని తూచేటప్పుడు లెక్కలోకి రావాలి.

లండన్ వెళ్లలేమని చింతించనక్కర్లేదు. ఆయన తీసిన ఫొటోలు కొన్ని ఇంటర్నెట్‌లోనే చూడవచ్చు. చిక్కల్లా ఊళ్లను నేటి పటంలో గుర్తించడంలో ఉంది. పాపికొండల పడవ ఆగే పేరంటాలపల్లినే తీసుకోండి. హైమండార్ఫ్ కాలంలో అది హైదరాబాద్ రాజ్యంలోని వరంగల్ జిల్లా. 1953లో ఖమ్మం, 2014లో పశ్చిమ గోదావరి, 2022లో ఏలూరు. ఎదుటి ఒడ్డు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, దాని కథ వేరు. ఊరు కదలకుండానే చిరునామా ఇన్నిసార్లు మారింది.

ఈసారి ఊళ్లే కదులుతున్నాయి. పడవ దిగినవారు గుడి చూసి, కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు కొనుక్కుని మళ్లీ ఎక్కేస్తారు. ఆ తీరమంతా పోలవరం ముంపు ప్రాంతం. కుటుంబాలను పునరావాస కాలనీలకు తరలిస్తున్నారు. 1940ల నాటి ఫొటో చూపించి ‘ఇది ఏ ఊరు, వీళ్లెవరు?’ అని అడిగితే చెప్పగల పెద్దలు ఇకమీదట దొరికేది ఆ కాలనీల్లోనే. ఫొటోలు ఫోన్లో పెట్టుకుని ముందుగా అక్కడికి వెళ్లండి.