మర్ఫా మోగుతోంది, షజరా ఏది?

శాదీల సీజన్‌లో రాత్రి పది దాటాక చాంద్రాయణగుట్ట చౌరస్తా నుంచి బార్కస్ వైపు నడిచి చూడండి. ఏదో ఒక గల్లీలోంచి మర్ఫా వినబడుతుంది. ముందు దఫ్‌లు, తర్వాత ఢోల్, మధ్యలో స్టీల్ బిందె మీద పడే కర్ర దెబ్బ. లుంగీ కట్టుకున్న చావుష్ బుజుర్గ్‌లు కూడా చేతికర్ర పైకెత్తి రెండడుగులు వేస్తారు. ఆ దరువుకు కాలు కదపనివాడు పాతబస్తీలో పుట్టలేదని మా వైపు ఒక మజాక్.

మొన్న మా ఖాందాన్ బారాత్‌లో నా భతీజా అడిగాడు: "చచ్చా, ఈ మర్ఫా అరబ్బులదా, హబ్షీలదా?" నేను నోరు తెరిచేలోగా పక్కనున్న ఒకాయన, "నీ రంగు చూసుకో బేటా, నీదే" అన్నాడు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. వాడికి అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మర్ఫా ఇద్దరిదీ. బార్కస్ అంటే బ్యారక్స్, నిజాం ఫౌజులోని అరబ్బుల బస. వాళ్లు యెమన్‌లోని హజ్రమౌత్ నుంచి వచ్చారు. మర్ఫా అనేది వాళ్లు వాయించే గిన్నె ఆకారపు నగారా పేరు. ఇంకోవైపు మాసబ్ ట్యాంక్ దగ్గర ఏసీ గార్డ్స్ ఉంది. ఏసీ అంటే చాలామంది ఇంకేదో అనుకుంటారు గానీ, అది ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని సిద్దీల గుర్రపు దళం. వనపర్తి సంస్థానం రాజా దగ్గర ఉన్న ఆఫ్రికా సిపాయిలే ఆ దళానికి మూలమని చెబుతారు. హైదరాబాద్‌లో మర్ఫాను ఊరూరా మోయించింది ఈ సిద్దీలు. ఎర్రసముద్రానికి ఒక పక్క యెమన్, ఇంకో పక్క ఆఫ్రికా. ఆ నీళ్ల మీద మనుషులతో పాటు దరువులూ అటూ ఇటూ తిరిగాయి. ఎక్కడ ఎవరిది మొదలైందో విడదీయడం నా వల్ల కాదు.

కానీ ఒక ఫరక్ ఉంది. బార్కస్‌లో ఏ ఇంటి తలుపు తట్టినా యాఫయీ అనో, ఖాయితీ అనో, కసీరీ అనో కబీలా పేరు చెబుతారు. హజ్రమౌత్‌లో ఏ ఊరో కూడా చెప్పేవాళ్లున్నారు. ఇక్కడ నిజాం దగ్గర జమాదార్‌గా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖాయితీ వంశమే అక్కడ సల్తనత్ కట్టి 1967 దాకా ఏలింది. సిద్దీ ఇళ్లల్లో ఆ షజరా లేదు. ఎందుకు లేదో మనకు తెలుసు, చెప్పుకోవడానికి మొహమాటం. వాళ్లను కొన్నదీ అమ్మిందీ తెల్లవాళ్లు ఒక్కరే కాదు. హిందూ మహాసముద్రంలో ఆ తిజారత్ చేసినవాళ్లలో మన కలిమా చదివినవాళ్లు చాలామంది.

గులాం చేతులు మారినప్పుడు మొదట పోయేది పేరు. అంబర్, యాఖూత్, మర్జాన్, కాఫూర్. సుగంధాలు, రత్నాల పేర్లు. కొన్నవాడు తన సామానుకు పెట్టుకున్నట్టు. మలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టినప్పుడు అతని పేరు చాపు అంటారు. ఎన్నో చేతులు మారి దక్కన్ చేరాడు. అహ్మద్‌నగర్ సల్తనత్‌ను నడిపాడు, మొఘలులను ఏళ్ల తరబడి ఆపాడు, తర్వాత ఔరంగాబాద్ అయిన ఖడ్కీని కట్టాడు, 1626లో పోయాడు. అంతటివాడికే అమ్మానాన్నలు పెట్టిన పేరు తారీఖ్‌లో ఒక మూలన మిగిలింది. రజియా సుల్తాన్ కాలపు యాఖూత్‌కు అదీ లేదు. 1983లో సినిమా తీసినప్పుడు ఆ హబ్షీ వేషం ధర్మేంద్రకు రంగు పూసి వేయించారు.

ఆఫ్రికావాళ్లకు తారీఖ్ రాసుకునే అలవాటే లేదు, అందుకే పోయింది అనేవాళ్లున్నారు. వాళ్ల కోసం పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్లి రావాలి. మన సిద్దీలు అక్కడివాళ్లు కాదు, వీళ్లది తూర్పు తీరం. కానీ కాగితం లేకుండా షజరాను ఎలా కాపాడుకోవచ్చో చూపించింది ఆ పశ్చిమం.

మాలీ, గినియా, గాంబియా, సెనెగల్ ప్రాంతాల మాండే ప్రజల్లో జలీలు అనేవాళ్లుంటారు. ఫ్రెంచివాళ్లు గ్రియో అన్నారు. కూయాతే, జబాతే లాంటి కొన్ని ఖాందాన్లకు అదే పేషా. కొడుకు బాప్ దగ్గర కూర్చుని చిన్నప్పటి నుంచే నేర్చుకుంటాడు. ఇరవై ఒక్క తీగల కోరా, చెక్కపలకల కింద సొరకాయ బుర్రలు కట్టిన బలాఫోన్ వాళ్ల సాజ్‌లు. పిల్లకు పేరు పెట్టే రోజున, శాదీ రోజున వచ్చి ఆ ఇంటివాళ్ల ఏడుతరాలూ వినిపిస్తారు. పొగడ్తే కాదు, "నీ పడదాదా ఇలా చేయలేదు" అని నిండు మెహఫిల్‌లో రాజుకే యాద్ చేసే హక్కు వాళ్లది. పదమూడో శతాబ్దంలో మాలీ సల్తనత్‌ను నిలబెట్టిన సుండియాటా కథ వందల ఏళ్లు వాళ్ల నోళ్లల్లోనే బతికింది. ఆ కాలానిదని చెప్పే సోసో బాలా అనే బలాఫోన్‌ను గినియాలోని నియగస్సోలా ఊళ్లో ఒక ఖాందాన్ ఇప్పటికీ కాపాడుతోంది. యునెస్కో 2001లో దాన్ని గుర్తించింది.

మనకిది మరీ పరాయి సంగతి కాదు. మాదిగల కులపురాణం చెప్పే డక్కలివాళ్లు, యాదవులకు మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు చేసేదీ ఇదే. 2022లో పద్మశ్రీ వచ్చిన కిన్నెర మొగులయ్యను చూస్తే ఒక జలీ నాగర్‌కర్నూల్‌లో పుట్టాడనిపిస్తుంది నాకు.

ఇబ్న్ బతూతా మన దేశానికి 1330ల్లో వచ్చి ఢిల్లీలో ఖాజీగా ఉన్నాడు. ఇక్కడి సముద్రంలో ఓడలకు హబ్షీ సిపాయిలే కాపలా అని రాసింది ఆయనే. అదే మనిషి 1352లో మాలీ చేరాడు. ఈద్ రోజున సుల్తాన్ ముందు జలీలు పక్షి ఈకల వేషాలతో నిలబడి, ఈ తఖ్త్ మీద నీకు ముందు కూర్చున్నవాళ్లు ఏ మంచి చేశారో చెప్పడం చూశాడు. ఖాజీ సాబ్‌కు ఆ వేషం నచ్చలేదు, నవ్వులాటగా ఉందన్నాడు. ఇస్లాం రాకముందు నుంచీ ఉన్న రవాజ్ అని అక్కడివాళ్లు చెప్పిన మాటను మాత్రం దాచకుండా రాశాడు. మర్ఫా మీద మన మస్జిద్ అరుగుల మీద జరిగే బహస్‌లు విన్నప్పుడల్లా నాకు ఆ పేజీ యాదికొస్తుంది.

ఆ జలీలు సుండియాటా షజరాను ఎక్కడి దాకా తీసుకెళ్తారో తెలుసా? హజ్రత్ బిలాల్ (రజి.) దాకా. మన గుజరాత్ సిద్దీలు కూడా తమ మూలపురుషుడిగా హజ్రత్ బిలాల్‌నే తలుచుకుంటారు. వాళ్లకూ వీళ్లకూ మధ్య ఒక ఖండం, ఒక సముద్రం ఉన్నాయి. ఒకరి ముఖం ఒకరు చూడలేదు. ఇద్దరూ వెళ్లి ఆగింది ఆ మొదటి ముఅజ్జిన్ గుమ్మం దగ్గరే.

పశ్చిమ ఆఫ్రికా నుంచి అమెరికాకు ఎత్తుకెళ్లిన గులాంలకు ఇంకో సంగతి జరిగింది. 1739లో సౌత్ కరోలినాలో గులాంలు ఢోల్ మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడాదే అక్కడ ఢోల్ మీద పాబందీ పెడుతూ కానూన్ వచ్చింది. ఢోల్ గుంజుకున్నా గొంతు మిగిలింది. పత్తి చేలల్లో కూతపాటలుగా, తర్వాత బ్లూస్‌గా అది ప్రపంచమంతా తిరిగింది. సొరకాయ బుర్రకు తీగలు కట్టిన వాళ్ల పాత సాజే బ్యాంజో అయింది.

మన దగ్గర ఉల్టా అయింది. ఇక్కడ ఢోల్ ఎవరూ గుంజుకోలేదు. ఫౌజులో వాయించారు, దర్బార్‌లో వాయించారు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ అయ్యాక కొలువులు పోయాయి. అరబ్బుల్లో కొందరిని ఖైదు చేశారు, కొందరిని ఓడలెక్కించి పంపేశారు. గుర్రాలు పోయిన సిద్దీల చేతుల్లో దఫ్‌లు మిగిలాయి. అప్పటిదాకా షౌఖ్‌గా ఉన్నది రోజీ అయింది. తీన్‌మార్ దరువు బోనాలకు, గణేశ్ నిమజ్జనానికి కూడా పాకింది. టీవీలో వార్తల కార్యక్రమానికి పేరైంది. దరువు ఊరంతా తిరిగింది. వాయించిన చేతుల పేర్లు మాత్రం ఎవరూ అడగలేదు.

హైదరాబాద్ సిద్దీల మీద 2004లో ఒక పూర్తి కితాబ్ వచ్చింది. రాసింది అబాబు మిండా ఇమెనె అనే ఇథియోపియా పరిశోధకుడు, ఇంగ్లీషులో. ఉర్దూలో చదివి తెలుగులో రాసుకునే నేను ఇరవై ఏళ్లుగా ఇదే షహర్‌లో అఖ్బార్ పని చేస్తున్నా. ఏసీ గార్డ్స్‌కు వెళ్లి నీళ్ల సమస్య మీద రాశాను, నాలా మీద రాశాను, ఎలక్షన్ల మీద రాశాను.

ఇప్పుడు డీజే చవక. ఒక బండి, ఒక కుర్రాడు చాలు. మర్ఫాకు ఎనిమిది పదిమంది కావాలి. నికాహ్ ఏలాన్‌కు దఫ్ జాయిజ్ అని చాలామంది ఉలమా అంటారు. అయినా బాజా వద్దని మర్ఫావాళ్లను తిప్పి పంపి, అదే రాత్రి డీజే పెట్టిన ఇళ్లు నాకు తెలుసు.

ఆ బారాత్ అయిపోయాక మర్ఫావాళ్లకు డబ్బులిచ్చే జిమ్మా నాదే. ఫోన్ తీస్తే వాళ్ల నంబర్ "మర్ఫా పార్టీ" అని ఉంది. మూడేళ్లుగా అలాగే ఉంది. పేరు అడిగి మార్చాను. భతీజా పక్కనే ఉన్నాడు, వాడు ఇంకో సవాల్ వేశాడు. ఆ పెద్దాయన దఫ్‌ను ఖాళీ బోరాలో పెడుతూ బాప్ పేరు చెప్పాడు, దాదా పేరు చెప్పాడు. పడదాదా దగ్గర ఆగాడు.

"ఫౌజ్‌లో ఉండెటోడు బేటా," అన్నాడు. "ఆయన గుర్రం పేరైతే యాదుంది, చెప్పాల్నా?"