కంటికి కొత్త కిటికీ పెట్టారు... మరి వెనకున్న తెర సంగతేంటి?

మీ ఫోన్ కెమెరా మీద అద్దం పగిలితే మార్పించుకుంటాం. కానీ లోపల సెన్సర్ పోతే? ఎంత మంచి అద్దం వేసినా ఫొటో రాదు. మన కన్ను కూడా అంతే. ముందున్న అద్దం కార్నియా. వెనకున్న సెన్సర్ రెటీనా. ఈరోజు కథ ఈ రెండింటిదీ.

1789లో ఫ్రాన్స్‌లో పెలియె ద కెంగ్సీ అనే కంటి వైద్యుడికి ఒక ఐడియా వచ్చింది. కార్నియా తెల్లబడిపోతే, అక్కడ వెండి అంచున్న గాజుబిళ్ల పెడితే? తర్వాతి శతాబ్దంలో జర్మనీలో నుస్‌బామ్ కుందేళ్ల కళ్లలో స్ఫటికం పెట్టి చూశాడు. కానీ పరాయి వస్తువును కన్ను అంత తేలిగ్గా ఉండనివ్వదు కదా! 1905లో ఎడ్వర్డ్ జిర్మ్, సున్నంతో కళ్లు కాలిన ఒక కూలీకి మనిషి కార్నియానే అతికించి గెలిచాడు. దాంతో అందరి చూపూ అటు మళ్లింది.

మరి దానం చేసిన కార్నియా కూడా నిలవని కళ్ల మాటేంటి? 1960ల్లో రోమ్‌లో స్ట్రాంపెల్లి ఏం చేశాడో తెలుసా? రోగి పన్నునే ఎముకతో సహా తీసి, రంధ్రం చేసి, అందులో లెన్స్ బిగించి కంట్లో అమర్చాడు! బోస్టన్‌లో క్లేస్ డోల్మన్ ఏళ్ల తరబడి పనిచేసిన ప్లాస్టిక్ కార్నియాకు 1992లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది.

ఇక్కడితో కథ సుఖాంతం అనుకుంటాం. కాదు. కిటికీ నిలబడ్డాక, గది లోపలి సమస్యలు బయటపడ్డాయి. లోపల వాపు వస్తుంది, మచ్చపొరలు పెరుగుతాయి. అవి రెటీనాను లాగితే, గోడమీద కాగితంలా ఊడి వచ్చేస్తుంది. ఇన్‌ఫెక్షన్ లోపలికి దిగితే చూపు రోజుల్లోనే పోవచ్చు. కంటిలో ప్రెజర్ పెరిగినా, ప్లాస్టిక్ మీద మామూలు మిషన్ సరిగా కొలవలేదు. డాక్టర్ రెప్ప మీద వేలితో నొక్కి అంచనా వేయాలి.

ఇందులో ఒక విచిత్రం ఉంది. 1970లో రాబర్ట్ మాకెమర్ కంటి లోపలి జిగురును తీసే ఆపరేషన్ మొదలుపెట్టాడు. కార్నియా మసకైతే సర్జన్‌కి లోపల ఏమీ కనబడదు. అందుకే 1980ల్లో తాత్కాలిక కృత్రిమ కార్నియాలు వచ్చాయి. ఆపరేషన్ అయ్యేదాకా కిటికీలా పెట్టి, తర్వాత తీసేస్తారు. అంటే, రెటీనాను కాపాడిందీ ఈ కృత్రిమ కిటికీయే!

ఈ రెండొందల ఏళ్ల చరిత్ర చెప్పేది ఒకటే ఫ్రెండ్స్. చూపు రావడం ఒక ఎత్తు, దాన్ని నిలుపుకోవడం ఇంకో ఎత్తు. మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయితే, "బాగానే కనిపిస్తోందిగా" అని చెకప్‌లు మానేయనివ్వకండి, చుక్కల మందు ఆపనివ్వకండి. మెరుపులు, తేలే నల్లచుక్కలు, పక్కనుంచి పరదా దిగుతున్నట్టు నీడ, నొప్పి, ఎరుపు, ఉన్నట్టుండి మసక... వీటిలో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. అదేరోజు కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మళ్లీ కలుద్దాం!