బోల్టు చిన్నదే.. తేడా వస్తే చెరువుకే ముప్పు! లేత్ షాపులో ఆర్డర్ ఇచ్చే ముందు ఇవి తెలుసుకోండి

గోదావరి జిల్లాల్లో రొయ్యల చెరువు మీద ఏరియేటర్ ఆగిందంటే రైతుకు కంటి మీద కునుకు ఉండదు. రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంటంతా పోయే ప్రమాదం ఉంటుంది. ఏరియేటర్ ఆగిపోవడానికి విరిగిన బోల్టు ఒక్కటి చాలు. అది బజార్లో దొరకని సైజు అయితే ఇక లేత్ షాపే దిక్కు. అసలు ఆర్డర్‌పై బోల్టు ఎలా చేస్తారు? ఏం చూసుకోవాలి?

తయారీ ఇలా..

లేత్ మీద మరలు తీయడం రాజమండ్రికి కొత్తేమీ కాదు. ఇక్కడి రత్నం పెన్నుల ఎబొనైట్ బాడీలు, క్యాప్ మరలు లేత్ మీద చేత్తో తీసినవే. బోల్టుకైనా పద్ధతి అదే. కాకపోతే ఇక్కడ మెటల్.

ముందుగా వెర్నియర్‌తో పాత బోల్టు మందం, పిచ్ గేజ్‌తో మరల మధ్య దూరం చూస్తారు. ఉదాహరణకు ఎం16 బోల్టు అంటే 16 మిల్లీమీటర్ల సైజు. మామూలు పిచ్ 2 మి.మీ. ఫైన్ పిచ్ అయితే 1.5 మి.మీ. కూడా ఉంటుంది.

24 మి.మీ. హెక్స్ రాడ్ తీసుకుని, తల భాగం వదిలేసి మిగతాది టర్నింగ్ చేస్తారు. మామూలు ఫిట్టింగ్‌కు మర బయటి సైజు సరిగ్గా 16 ఉండదు. 15.68 నుంచి 15.96 మధ్య ఉండాలి. అంతకన్నా లావైతే నట్టు ఎక్కకపోవచ్చు.

ఆ తర్వాతే అసలు పని. రాడ్ ఒక్క చుట్టు తిరిగేలోగా టూల్ సరిగ్గా పిచ్ అంత దూరం జరగాలి. దీన్ని లీడ్ స్క్రూ, గేర్లు చూసుకుంటాయి. సుమారు 1.23 మి.మీ. లోతును కొంచెం కొంచెంగా చాలాసార్లు కోస్తారు. చివరికి గేజ్ పరీక్ష. 'గో' గేజ్ ఎక్కాలి, 'నో-గో' ఎక్కకూడదు.

ఇంచీనా? ఎంఎంనా?

పాత పంపులు, పాత మిల్లు యంత్రాల్లో ఇంచీ మరలు ఉండొచ్చు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన ఆ మరల కోణం 55 డిగ్రీలు. మెట్రిక్‌లో 60 డిగ్రీలు. ఐదు బై ఎనిమిది ఇంచీ బోల్టు 15.88 మి.మీ. కాబట్టి కంటికి ఎం16లాగే కనిపిస్తుంది. కానీ పిచ్ 2.31 మి.మీ. నట్టు కొన్ని చుట్లు ఎక్కి బిగుసుకుపోతుంది. బలవంతంగా తిప్పితే రెండూ పాడవుతాయి.

తల మీద అంకెల అర్థం ఇదే..

8.8 అని ఉంటే తెగే బలం 800 మెగాపాస్కల్స్, అందులో 80 శాతం దగ్గర సాగడం మొదలవుతుంది. మామూలు మైల్డ్ స్టీల్ రాడ్ బలం దాదాపు 400. అంటే సైజు కుదిరినా బలం సగమే! అందుకే ఏ మెటీరియల్ వాడుతున్నారో తప్పకుండా అడగాలి.

ఉప్పునీటికి ఏది మంచిది?

తల మీద ఏ2 అంటే 304 రకం స్టెయిన్‌లెస్, ఏ4 అంటే 316 రకం. 316లో మాలిబ్డినం ఉంటుంది కాబట్టి ఉప్పునీటిని ఇంకా బాగా తట్టుకుంటుంది. అయస్కాంతం పెట్టి చూస్తే ఈ రెండింటికీ తేడా తెలియదు. ఇంకో మాట.. ఏ4-70 బలం 700, 8.8 కన్నా తక్కువ. ఎక్కువ లోడు పడేచోట మార్చే ముందు మెకానిక్‌ను అడగండి. స్టెయిన్‌లెస్ నట్టు బిగించేటప్పుడు యాంటీ సీజ్ పేస్టు రాయకపోతే మరలు పట్టేసుకుంటాయి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు..

* విరిగిన బోల్టుతో పాటు దాని నట్టు కూడా తీసుకెళ్లండి.
* ఎక్కడ బిగిస్తారో, ఉప్పునీరు తగులుతుందో లేదో చెప్పండి.
* తల మీద ఉన్న అంకెలను ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి.
* ఎడమ మరలైతే ముందే చెప్పండి.
* ఒకటికి రెండు చేయించి స్పేర్‌గా పెట్టుకోండి. అర్ధరాత్రి బోల్టు విరిగితే ఆ సమయంలో లేత్ షాపు తెరిచి ఉండదు.