యోకుకాన్‌సాన్: పిల్లల నిద్రకు జపాన్ మూలికా మందు

జపాన్ సంప్రదాయ వైద్యమైన కాంపోలో వాడే ఏడు మూలికల మందు యోకుకాన్‌సాన్. రాత్రిళ్లు గుక్కపట్టి ఏడ్చే, నిద్రలో ఉలిక్కిపడే, పళ్లు కొరికే పిల్లల కోసం పుట్టింది. ఇప్పుడు మాత్రం డిమెన్షియా ఉన్న వృద్ధుల చిరాకును తగ్గించే మందుగానే దీనికి పేరు. తీవ్రంగా జబ్బుపడిన పిల్లల నిద్ర కోసం ఆసుపత్రుల్లో దీన్ని ఇవ్వడమంటే, ఒక రకంగా మందు పుట్టింటికి వచ్చినట్టే.

దీని మూలం చైనా. మింగ్ వంశకాలపు వైద్యులు షుయే కై, ఆయన కొడుకు షుయే జీ పేర్లతో 1550లలో వెలువడిన ‘బావోయింగ్ త్సువోయావో’ అనే పిల్లల వైద్య గ్రంథంలో ఈ యోగం ఉంది. వాళ్ల సిద్ధాంతంలో కోపానికి నెలవు కాలేయం. అది వేడెక్కితే బిడ్డకు ఫిట్స్, ఉలికిపాటు, నిద్రలేమి వస్తాయని నమ్మేవారు. మందును బిడ్డతోపాటు తల్లి కూడా తాగాలన్నది అందులోని విశేషం. చంటిబిడ్డకు తల్లి ద్వారా మందు అందించడం ఆనాటి చైనాలో మామూలే. అయినా రాత్రంతా మేలుకున్న తల్లి అలజడిని కూడా చికిత్సలో చేర్చిన ఈ మాట, మూలికల పట్టీ కన్నా విలువైనదనిపిస్తుంది. జపాన్‌లో కొందరు వైద్యులు ఇప్పటికీ ఇద్దరికీ కలిపే రాస్తారు.

ఏడింటిలో ముఖ్యమైనది చోతోకో. ఇది అన్‌కేరియా అనే తీగకు కణుపుల దగ్గర గాలంలా వంగి ఉండే ముల్లు, కోసి ఎండబెడతారు. మిగతావి బుప్లూరం, ఆంజెలికా వేళ్లు, నిడియం, అట్రాక్టిలోడిస్ దుంపలు, పైన్ జాతి చెట్ల వేళ్లపై పెరిగే పోరియా శిలీంధ్రం, మనకు తెలిసిన అతిమధురం. చోతోకోలోని గెయిసోస్కిజిన్ మిథైల్ ఈథర్ అనే పదార్థం మెదడులోని సెరటోనిన్ గ్రాహకాలపై పనిచేస్తుందని ప్రయోగశాలల్లో గమనించారు.

ఎడో కాలంలో జపాన్ వైద్యులు దీన్ని తమదిగా చేసుకున్నారు. నారింజ జాతి పండు తొక్క, పినెలియా దుంప కలిపి కడుపు బలహీనంగా ఉన్నవారికి మరో రూపం తయారుచేశారు. వైద్యుడు వాదా తోకాకు యోకుకాన్‌సాన్‌ను పక్షవాతం వచ్చిన పెద్దవాళ్లకూ వాడాడు. 19వ శతాబ్దపు వైద్యుడు అసాదా సోహాకు రోగిలో కోపం ఉందో లేదో చూసుకొమ్మన్నాడు. ఉంటే మందు పనిచేస్తుందని ఆయన నమ్మకం.

మామూలు జనం మాత్రం దుకాణాల్లో దొరికే మాత్రలనే నమ్ముకున్నారు. పిల్లల ఏడుపుకు ఒంట్లో చేరిన పురుగే కారణమని ఒక నమ్మకం. గుళ్లలో పురుగును బంధించే తంతులూ ఉండేవి. 1597 నాటిదని చెప్పే ఉజు క్యూమేయ్‌గాన్, 1622 నాటి హియా కియోగాన్ మాత్రలలో కస్తూరి, గోరోచనం పడేవి. తెలుగు ఇళ్లలో పసివాళ్లకు గోరోజనం అరగదీసి నాకించిన పెద్దవాళ్లకు ఇది కొత్తగా తోచదు.

మెయిజీ ప్రభుత్వం 1874లో పాశ్చాత్య వైద్యాన్నే ప్రమాణంగా పెట్టింది. కాంపో వైద్యుల విన్నపాన్ని 1895లో పార్లమెంటు తోసిపుచ్చింది. ఆ తరవాత కొద్దిమంది పట్టుదలతో విద్య నిలిచింది. 1967లో కొన్ని కాంపో మందులు, 1976లో చాలా మందులు ఆరోగ్య బీమాలో చేరాయి. ఇప్పుడు వాటి సంఖ్య 148. కషాయం కాచే పని పోయి, పొట్లాల్లో గుళికలు వచ్చాయి. 2005లో తోహోకు విశ్వవిద్యాలయ పరిశోధకులు డిమెన్షియాపై జరిపిన పరీక్షతో యోకుకాన్‌సాన్ వృద్ధుల మందుగా స్థిరపడింది. లేబుల్ మీద మాత్రం పసిపిల్లల రాత్రి ఏడుపు ఇంకా ఉంది.

జబ్బుపడిన పిల్లల సంగతి వేరు. తీవ్ర శారీరక, మానసిక వైకల్యాలున్న పిల్లల కోసం జపాన్‌లో తొలి కేంద్రం షిమాదా ర్యోయికుఎన్ 1961లో తెరుచుకుంది. అలాంటి పిల్లలకు కండరాలు బిగుసుకోవడం, మూర్ఛలు, ఆహారం పైకి తన్నడం, ఊపిరి అడ్డుపడడం వల్ల నిద్ర చెదురుతుంది. బెంజోడయాజిపైన్ మందులు నిద్ర పట్టిస్తాయి గానీ ఊపిరిని మందగింపజేస్తాయి, నోట్లో లాలాజలం పేరుకునేలా చేస్తాయి. అందుకే వైద్యులు కాంపో వైపు చూశారు. గుళికల్ని వేడినీళ్లలో కరిగించి ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు. మింగగలిగిన పిల్లలకు కోకోలోనో ఐస్‌క్రీమ్‌లోనో కలుపుతారు. గోధుమ, చైనా రేగుపండు, అతిమధురం కలిసిన ‘కాన్‌బాకు తైసోతో’ అనే మరో కాంపో మందు తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు మారాం చెయ్యకుండా తాగుతారు.

ఆ తీపిలోనే ముప్పుంది. అతిమధురం ఎక్కువైతే రక్తంలో పొటాషియం పడిపోతుంది, ఒంట్లో నీరు చేరుతుంది, రక్తపోటు పెరుగుతుంది. పెద్దల రోజు మోతాదుకు వాడే అతిమధురం యోకుకాన్‌సాన్‌లో 1.5 గ్రాములైతే, కాన్‌బాకు తైసోతోలో 5 గ్రాములు. గుండె జబ్బుతో నీరు తీసే మందులు వాడుతున్న పిల్లలకు రక్తపరీక్షలు చేస్తూ ఇవ్వాల్సిందే. పిల్లల్లో ఫలితంపై ఉన్న ఆధారాలు ఎక్కువగా విడి కేసులు, చిన్న అధ్యయనాలే. పెద్ద పరీక్షల బలం ఈ వాడకానికి లేదు. నొప్పి, ఊపిరి ఇబ్బంది లాంటి అసలు కారణాలను ముందు సరిచేసి, ఆ పైన ఈ మందులను జోడిస్తారు.