వెనుక సీటుకు చేరిన చల్లదనము

1939వ సంవత్సరమున షికాగో నగరములో జరిగిన మోటారు ప్రదర్శనలో ప్యాకార్డ్ కంపెనీవారు ఒక క్రొత్త కారును ప్రజలకు చూపిరి. మండువేసవిలో సైతము ఆ కారులో చల్లని గాలి వీచును. కాని ఆ గాలి నేటి కార్లలోవలె ముందునుండి వచ్చునది కాదు. చల్లదనమును కలిగించు పేటిక వెనుక సీటుకు ఆవల, సామానులుంచు అరలో చాలభాగము నాక్రమించి యుండెను. చలి ఎక్కువైనపుడు కంప్రెసరును నిలుపుటకు మీట లేదు. ఇంజనును ఆపి, క్రిందికి దిగి, మూత ఎత్తి, కంప్రెసరును త్రిప్పు బెల్టును చేతితో ఊడదీయవలసి యుండెను. ధర కూడ ఎక్కువ. కొలది యేండ్లలోనే కంపెనీవారు ఆ ఏర్పాటును మానుకొనిరి.

1953లో క్రైస్లర్, జనరల్ మోటార్స్ కంపెనీలు మరల ప్రయత్నించినవి. వారి కార్లలోను పేటిక వెనుకనే యుండెను. 1954లో నాష్ కంపెనీ పరికరములన్నిటిని కారు ముందుభాగములోనే ఇమిడ్చినది. ఈ పద్ధతి చౌక, అమర్చుట సులభము. క్రమముగా అందరు దీనినే అనుసరించిరి.

ఇట్లు వెనుకనుండి ముందుకు వచ్చిన చల్లదనము మరల వెనుకకు పోవలసి వచ్చినది. మూడు నాలుగు వరుసల సీట్లు గల పొడవైన వ్యాన్లు కుటుంబ ప్రయాణములకు వాడుకలోనికి వచ్చినవి. ముందునుండి వీచు గాలి కడపటి వరుసను చేరులోపలనే వేడెక్కును. పైకప్పు, కిటికీ అద్దములు నిరంతరము ఎండను లోనికి తెచ్చుచుండును. అందుచేత ఫోర్డ్ ఎకనొలైన్, షెవ్రొలె సబర్బన్ వంటి పెద్ద వాహనములలో వెనుకభాగమున రెండవ శీతల పేటికను అమర్చిరి. దానికి వేరుగా ఒక పంకా కలదు. కాని వేరుగా కంప్రెసరు లేదు. ఈ ఒక్క సంగతి తెలిసినచో పాత వ్యాన్ల మరమ్మతులో సగము తెలిసినట్లే.

చల్లదనము ఎట్లు కలుగును?

కుండలోని నీరు చల్లబడుటకు కారణము విద్యార్థులకు తెలిసినదే. కుండ సన్నని రంధ్రములనుండి చెమర్చిన నీరు ఆవిరియగుచు, అందుకు కావలసిన వేడిని లోపలి నీటినుండి గ్రహించును. దీనినే బాష్పీభవన గుప్తోష్ణము అందురు. మోటారు వాహనములో జరుగునదియు ఇదే. అయితే కుండనుండి లేచిన ఆవిరి గాలిలో కలిసిపోవును. యంత్రములో ఆ ఆవిరిని పోనీయక, పట్టి, మరల ద్రవముగా మార్చవలెను.

పాత వాహనములలో ఈ పనికి వాడిన పదార్థము ఆర్-12. ఒక కర్బన పరమాణువు, రెండు క్లోరిను, రెండు ఫ్లోరిను పరమాణువులు దాని అణువులో ఉన్నవి. సాధారణ వాయుపీడనములో అది సున్నకు దిగువ 30 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. పీడనమును సుమారు 11 రెట్లు చేసినచో 45 డిగ్రీల వద్దనే ద్రవమగును. ఇంజను త్రిప్పు కంప్రెసరు దానిని అదుమును. రేడియేటరు ముందున్న కండెన్సరులో అది బయటి గాలికి వేడి నిచ్చి ద్రవమగును. ఆ ద్రవము ఒక ఇరుకైన మార్గము గుండా శీతల పేటికలో ప్రవేశించి, పీడనము తగ్గుటచే మరిగి, లోపలి గాలిలోని వేడిని గ్రహించును.

రెండు పేటికలు గల వ్యాన్లలో ఈ ద్రవము రెండు పాయలుగా చీలును. ఒక పాయ ముందు పేటికకు పోవును. రెండవది వాహనము అడుగున పొడవైన లోహపు గొట్టములో ప్రయాణించి వెనుక పేటికకు చేరి, ఆవిరియై, మరియొక గొట్టములో తిరిగివచ్చును. చిన్న కారుకు సుమారు ఒక కిలోగ్రాము వాయువు చాలును. ఇట్టి వాహనమునకు రెండు కిలోగ్రాముల వరకు పట్టును. గొట్టము పొడవైనకొలది అతుకులును ఎక్కువ.

ఇంటిలోని రెఫ్రిజిరేటరు ఏండ్ల తరబడి వాయువు నింపకనే పనిచేయును గదా, వాహనములో ఏల కారిపోవును? రెఫ్రిజిరేటరులో విద్యుత్ మోటారును, కంప్రెసరును ఒకే ఉక్కు డొక్కులో మూసివేయుదురు. వాహనములో కంప్రెసరును బయటనున్న బెల్టు త్రిప్పవలెను. కావున దాని ఇరుసు డొక్కునుండి బయటికి రాక తప్పదు. అచట నొక సీలు అవసరము. ఇంజను అదురుచుండును గనుక దానికి బిగించిన గొట్టములలో కొంత రబ్బరు ఉండవలెను. వాయువు రబ్బరులోనుండి సయితము మెల్లగా దాటిపోగలదు. ఇక వెనుకకు పోవు గొట్టములకు రోడ్డుమీది రాళ్లు, బురద తగులును. మంచు కరుగుటకు రోడ్లపై ఉప్పు చల్లు దేశములలో ఆ లోహము త్వరగా తినివేయబడును.

నిరపాయమన్న వాయువు

1920లలో శీతలయంత్రములలో అమోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు వాడెడివారు. ఇవి లీకైనపుడు మనుష్యులు మరణించుట కద్దు. నిరపాయమైన పదార్థము కొరకు జనరల్ మోటార్స్ తరపున థామస్ మిడ్‌గ్లీ, ఆల్బర్ట్ హెన్నె, రాబర్ట్ మెక్‌నారీ 1928లో పరిశోధన మొదలిడి, క్లోరిను, ఫ్లోరిను గల కర్బన సమ్మేళనములను ఎన్నుకొనిరి. 1930లో అమెరికన్ కెమికల్ సొసైటీ సభలో మిడ్‌గ్లీ ఆ వాయువును గుండెనిండ పీల్చి, వెలుగుచున్న క్రొవ్వొత్తిపై ఊదెను. క్రొవ్వొత్తి ఆరిపోయెను, ఆయనకేమియు కాలేదు. విషము కాదు, మండదు అని రెండును ఒక్క ఊదుతో రుజువైనవి.

ఆ రుజువు సత్యమే. కాని దాని ఫలితముగా మరమ్మతు శాలలలో ఒక అలవాటు పాతుకొనిపోయినది. వాయువు చౌక, హాని లేదు. కనుక లీకును వెదకుటకంటె ప్రతి వేసవి కొంత నింపుటయే సులభమని తోచినది. గొట్టము విప్పవలసినపుడు మిగిలినదానిని గాలిలోనికి వదలివేసెడివారు.

ఆ వాయువు ఎచటికి పోవుచున్నది? ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు జేమ్స్ లవ్‌లాక్ 1971-72లలో అట్లాంటిక్ సముద్రముపై ప్రయాణించి, ఇదే కుటుంబమునకు చెందిన ఆర్-11 జనావాసములకు దూరమున గాలిలో సైతము ఉన్నట్లు కొలిచెను. 1974లో మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ దాని పర్యవసానమును వివరించిరి. ఈ వాయువులు వానలో కరగవు. క్రింది గాలిలో దేనితోను కలియవు. కనుక మెల్లగా పైకి చేరును. అచట అతినీలలోహిత కిరణములు అణువును చీల్చి క్లోరిను పరమాణువును విడుదల చేయును. అది ఓజోను అణువును విచ్ఛిన్నము చేసి, తాను నశింపక మరియొక దానిపై పనిచేయును. ఒక్క క్లోరిను పరమాణువు ఇట్లు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయగలదు. యంత్రములో ఏ స్థిరత్వము గుణమైనదో, ఆకాశములో అదియే దోషమైనది.

1985లో జోసెఫ్ ఫార్మన్, ఆయన సహచరులు అంటార్కిటికాపై వసంతకాలమున ఓజోను విపరీతముగా తగ్గుచున్నదని ప్రకటించిరి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందము కుదిరినది. అమెరికాలో 1995 చివరతో ఆర్-12 తయారీ ముగిసినది. భారతదేశము 1992లో ఒప్పందములో చేరినది. వర్ధమాన దేశములకు గడువు 2010. మొలీనా, రోలండ్, పాల్ క్రుట్జెన్ 1995లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిరి.

మారిన మరమ్మతు

1990ల మొదట క్రొత్త వాహనములకు ఆర్-134ఎ వచ్చినది. దీనిలో క్లోరిను లేదు; ఓజోనుకు హాని లేదు. కాని పాత వ్యానులో ఒకదానిని తీసి రెండవదానిని నింపిన చాలదు. కంప్రెసరు అరుగకుండ కాపాడు నూనె వాయువుతోపాటు చుట్టివచ్చును. పాత వ్యాన్లలోని ఖనిజ నూనె ఆర్-134ఎలో కలియదు. అది వెనుక పేటికలోను, పొడవైన గొట్టములలోను నిలిచిపోయినచో కంప్రెసరు ఎండి పాడగును. అందుచే తగిన క్రొత్త నూనె వాడవలెను. ప్రొపేను వంటి మండు వాయువులను నింపుట ప్రమాదకరము. వెనుక పేటిక ప్రయాణికులు కూర్చున్న చోటనే యున్నది.

లీకును కనుగొను పద్ధతియు మారినది. పూర్వము ఒక చిన్న దీపమును వాడెడివారు. అనుమానమున్న చోటినుండి రబ్బరు గొట్టము గాలిని పీల్చి రాగిరేకుపై మండు జ్వాలకు అందించును. ఆర్-12 ఉన్నచో జ్వాల ఆకుపచ్చగా మారును. ప్రయోగశాలలో హాలొజనులను గుర్తించు బైల్‌స్టైన్ పరీక్ష ఇదియే. క్లోరిను లేని ఆర్-134ఎకు ఈ దీపము పనికిరాదు. దానికి ఎలక్ట్రానిక్ పరికరములు, అతినీలలోహిత కాంతిలో మెరయు రంగులు, సబ్బునీటి బుడగలు ఉపకరించును.

అంతకు ముందు ఆలోచనయే మొదటి పరికరము. ముందు చల్లగానుండి వెనుక మాత్రమే వేడిగానున్నచో, కంప్రెసరు పనిచేయుచున్నదని దానివలననే తెలియును. అపుడు వెనుక పంకా, దుమ్ముపట్టిన పేటిక, వెనుక పాయలోని కవాటము చూడవలెను. రెండు చోట్ల వేడిగానున్నచో, రెంటికి ఉమ్మడియైన భాగములలో లోపము వెదకవలెను. వాయువు తగ్గియున్నదని తేలినచో, అది ఎచటనో బయటికి పోయినదని అర్థము. లీకును మూయక మరల నింపుట మరమ్మతు కాదు.

ఆర్-134ఎ విషయమున సయితము ఈ నియమము సడలదు. నూరేండ్ల కాలములో అది కార్బన్ డయాక్సైడుకంటె సుమారు 1300 రెట్లు భూమిని వేడెక్కించగలదు. అందుచే 2016లో కిగాలీ నగరమున జరిగిన సవరణలో దీని వాడుకను కూడ తగ్గించుటకు దేశములు అంగీకరించినవి. మిడ్‌గ్లీ ఊదిన క్రొవ్వొత్తి ఆ వాయువు గదిలోని మనిషికి ఏమి చేయునో చెప్పినది. గది దాటిన పిమ్మట అది ఏమగునో తెలియుటకు మరి 44 ఏండ్లు పట్టినది. నేడు ఒక పాత వ్యాను అడుగున పడుకొని గొట్టపు అతుకుకు సబ్బునీరు పూయు పనివాడు ఆ రెండవ ప్రశ్నకు సమాధానము తెలిసినవాడు.